వర్జ్యం వెళ్లేదాకా

నర్సింగ్ సీటు కోసం కాలేజీలు ఎంచుకోవడానికి అదే ఆఖరి రోజు. సాయంత్రం అయిదుదాకా గడువు. ప్రత్తిపాడులో ఇలియాస్ అన్న నెట్ సెంటర్లో కూర్చుని అన్నీ ఎంచుకున్నాను. చివరి బటన్ నొక్కడమే మిగిలింది. మా నాన్న బాపయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగమ్మా, వర్జ్యం ఉంది. నాలుగున్నర దాటాక నొక్కుదువుగాని."

మా ఇంట్లో విత్తనాలు కొన్నా, మోటారు బిగించినా వర్జ్యం చూడాల్సిందే. నేను వాదించలేదు. వాదించినా గెలిచేదాన్ని కాదు, అది వేరే సంగతి.

నాన్నకి ఊరికే కూర్చోవడం చేతకాదు. "ఒరేయ్ ఇలియాసూ, ఈలోగా మిర్చి రేటెంతుందో చూడరా" అన్నాడు. మా బస్తాలింకా కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి. అన్న అదే కంప్యూటర్లో రేట్ల పేజీ ఏదో తెరిచాడు. బ్రౌజరు అప్‌డేట్ చెయ్యమని పైమూల అడుగుతూనే ఉంది. చేస్తే వేలిముద్రల మిషను మొరాయిస్తుందని అన్న దాన్ని చాలా రోజులుగా పట్టించుకోవట్లేదు.

తెర నల్లబడింది. తర్వాత, డబ్బు కడితేనే తెరుస్తామంటూ ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. కంప్యూటర్లో ఉన్నవాటన్నిటికీ తాళం పడిపోయింది. నా పాస్‌వర్డు ఆ బ్రౌజర్లోనే దాచి ఉంది. ఫోన్లో కొత్తది అడిగితే, ఓటీపీ నాన్న పాత సిమ్‌కి వెళ్తోంది. ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. అటూ ఇటూ పరిగెత్తేసరికి అయిదయింది.

నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. ఇంటికొచ్చి అన్నం తిని, గిన్నెలు కడిగాను. మర్నాడు కూలీలతోపాటు మిరప నారు నాటడానికి చేలోకి దిగాను.

వారం తర్వాత ఇలియాస్ అన్న మా ఇంటికొచ్చాడు.

"బ్రౌజర్లో లోపమంట బాబాయ్. కోల్డ్ స్టోరేజీలో మన బస్తాలు తీసేసిన చోట ఇంకెవరిదో సరుకు పెట్టారనుకో. మనం పాత చీటీ పట్టుకెళ్లి, చూడకుండా అదే మనదని ఎత్తుకొస్తే? ఇదీ అంతే. మెమరీలో ఖాళీ చేసిన చోటుని బ్రౌజరు ఇంకా తనదే అనుకుందంట. మనం తెరిచిన ఆ రేట్ల పేజీలోంచి దొంగోడు అక్కడ వాడి సరుకు పెట్టాడు. అప్‌డేట్ చేసుంటే ఆగేది." నా వైపు చూడలేకపోయాడు. "తప్పు నాదే జ్యోతీ."

"సర్లే అన్నా" అన్నాను. ఎవరి గురించో చెప్తున్నట్టే ఉంది నాకు.

నాన్న నా భుజం తట్టాడు. "పోతే పోయిందిలేమ్మా. వచ్చే ఏడు ఇంకా మంచి ఘడియ చూసి నొక్కుదాం."

అప్పుడొచ్చింది ఏడుపు. ఎందుకో వాళ్లిద్దరికీ అర్థం కాలేదు. నాన్న కంగారుగా లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చాడు.