గాల్లో ఆగిన రాయి

మా అమ్మాయి క్రేను నడుపుతుంది. ఆ పని సైన్యంలో నేర్చుకుంది. యుద్ధం జరిగిన మూడేళ్లూ గుంటల్లో పడ్డ లారీలను, తిరగబడ్డ బండ్లను పైకి లాగింది. ఇక్కడ నేను తలుపు చప్పుడైతే చాలు, ఏ కబురొచ్చిందోనని గుండె చిక్కబట్టుకుని గడియ తీసేదాన్ని. నా మొహం చూసి పాలవాడు కూడా బెదిరిపోయేవాడు.

అది క్షేమంగా తిరిగొచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే, యుద్ధానికి వెళ్లిన మా ఊరివాళ్ల పేర్లన్నీ చెక్కి కూడలిలో పెద్ద నల్లరాయి నిలబెడతామన్నారు. వచ్చినవాళ్లూ రానివాళ్లూ అందరూ ఒకే వరసలో. బతికున్న పిల్ల పేరు రాతి మీదికి ఎక్కడమేమిటని నాకు ముద్ద దిగలేదు. పైగా ఆ రాయిని ఎత్తి నిలబెట్టే పని కూడా దానికే అప్పజెప్పారు.

"నీ పేరు తీసేయమని చెప్పవే," అని ఆ పొద్దున బతిమాలాను.

"చెక్కింది ఎలా తీస్తారమ్మా? గోడ మీద సున్నమా గీకడానికి?" అంటూ బూట్లు తొడుక్కుంది.

"హెల్మెట్టు పెట్టుకో."

"క్రేను లోపల కూర్చునేదాన్ని, నాకెందుకమ్మా?"

"ఎందుకని నేనడిగానా? పెట్టుకో."

పెట్టుకుంది.

కూడలిలో అడ్డంగా తాడు కట్టి జనాన్ని ఇవతల నిలబెట్టారు. దిమ్మె మీద సిమెంటు పరిచారు. బెల్టులు చుట్టి కట్టిన రాయి నేల విడిచి లేచింది. సరిగ్గా దిమ్మె పైకి వచ్చేసరికి గాలికి కాస్త ఊగింది. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"ఆపు!"

క్రేను టక్కున ఆగింది. రాయి గాల్లోనే ఉండిపోయింది.

మేస్త్రీ పరుగున వచ్చాడు. "ఏమైందమ్మా? బెల్టు జారిందా?"

"ఊగింది."

"గాలికి ఊగదా మరి! చెయ్యి దింపండి. ఎవరు చెయ్యెత్తినా క్రేను ఆపాల్సిందే, అది రూలు. మీరు దింపేదాకా మీ అమ్మాయి మీట ముట్టదు."

అది విన్నాక నేనెందుకు దింపుతాను? యుద్ధంలో ఎవరినీ ఏదీ ఆపలేకపోయాను. ఇప్పుడు నా ఒక్క చేతికి ఇంత రాయి ఆగింది.

"మా అమ్మాయి పేరు తీస్తామంటేనే దింపుతాను."

"సిమెంటు గట్టిపడిపోతుందమ్మా!"

"పడనీ."

అద్దం వెనక నుంచి మా అమ్మాయి నన్నే చూస్తోంది. హారను కొట్టలేదు, కసురుకోలేదు. రాయిని కదలనివ్వకుండా పట్టుకుని కూర్చుంది. ఆ నిదానం దానికి నా పోలిక మాత్రం కాదు.

అప్పుడు జనంలోంచి టైలరమ్మ వచ్చింది. మా వీధిలోనే ఆవిడ కొట్టు. ఆవిడ కొడుకు యుద్ధం నుంచి తిరిగి రాలేదు.

"చెయ్యి నొప్పెడుతోందా వదినా?"

"లేదు," అన్నాను. భుజం ఊడిపోతోంది.

"నీ భయం నాకు తెలీదా? కావాలంటే సాయంత్రందాకా నీ పక్కనే నిలబడతాను. కానీ మావాడి పేరు కూడా అందులోనే ఉంది. వాణ్ణలా గాల్లో వేలాడదీయకు."

రాయి వైపు చూశాను. వాడి పేరు, దాని పక్కనే మా అమ్మాయి పేరు. ఇన్నాళ్లూ నేను చూసుకున్నది మా పిల్ల పేరొక్కటే.

"మా అమ్మాయి మెల్లగా దింపుతుందిలే," అన్నాను.

"నాకు చెప్తావేం? దానికి చెప్పు."

చెయ్యి దింపాను. మేస్త్రీ సైగ చేశాడు. అంత రాయీ చప్పుడు లేకుండా దిగి సిమెంటులో కూర్చుంది. బెల్టులు విప్పీ విప్పకముందే టైలరమ్మ తాడు కింద నుంచి దూరి, కొడుకు పేరు మీద అరచెయ్యి ఆనించింది.

"జాగ్రత్త వదినా, మీద పడుతుందేమో!" అని అరిచాను.

"పెట్టింది నీ కూతురు. ఎందుకు పడుతుంది? నువ్వూ రా."

వెళ్లాను.