ఫారంలో మూడో ప్రశ్న

“ఒంటిమీద ఇనుము ఏమైనా ఉందా మామ్మగారూ?” అని స్కానింగ్ అతను మూడోసారి అడిగాడు.

మెదడులో ఇనుము చూస్తామని పిలిచి, ఉన్న ఇనుమంతా గుమ్మంలో వదిలేయమనడం కోడలికి నవ్వు తెప్పించింది. అత్తగారి గాజులు, పిన్నులు, కళ్లజోడు ట్రేలో పెట్టింది. గుడ్డసంచి మాత్రం అత్తగారు గుప్పిట్లోంచి వదల్లేదు. చింత చచ్చినా పులుపు చావదు మరి.

ఇది వైద్యం కాదు, పరిశోధన. అల్జీమర్స్ వచ్చినవారి మెదడులో ఇనుము ఎక్కడ, ఎంత పేరుకుందో ఎంఆర్ఐలో కొలిచి, జబ్బు వచ్చి ఎన్నేళ్లయిందో దానితో పోల్చి చూస్తారట. అందుకే ఫారంలో మూడో ప్రశ్న: మతిమరుపు ఎప్పుడు మొదలైంది?

కోడలు “రెండేళ్లు” అని రాసింది. రాసి, కాగితం బోర్లించింది.

ఆరేళ్ల కిందట బీరువా తాళంచెవి పోయింది. “ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదే” అన్నారు అత్తగారు. “పెత్తనం పోతుందని మింగేశారేమో!” అంది కోడలు. మనిషిని పిలిచి తాళం పగలగొట్టిస్తే లోపల నాలుగు పాత దుప్పట్లు, ఎప్పుడో చచ్చిన మిక్సీ గ్యారంటీ కార్డు ఉన్నాయి. ఆ తరువాత ఏడాదిపాటు మాటల్లేవు. అత్తగారు మూరెడు దూరంలో కూర్చుని ఉండగానే, “మీ అమ్మగారికి కాఫీ కావాలేమో కనుక్కోండి” అని మొగుడితో అడిగించేది.

అప్పటికే జబ్బు ఉందంటే, ఆ ఏడాదంతా తను పంతం పట్టింది ఎవరి మీద? రెండేళ్లే అయితే హాయి.

స్కానింగ్ అతను చేతిలోని పరికరాన్ని సంచి దగ్గరికి తెచ్చాడు. అది కుయ్‌మంది. సంచి బోర్లిస్తే ఓ జేబురుమాలు, రెండు గుండీలు పడ్డాయి. మళ్లీ కుయ్‌మంది. కోడలు అస్తరు తడిమి చూసింది. గట్టిగా ఏదో తగిలింది. పంటితో కుట్టు తెంపగానే బీరువా తాళంచెవి చేతిలో పడింది.

అత్తగారు ఆమె మణికట్టు పట్టుకున్నారు. ఈమధ్య కోడలిని ఆవిడ నర్సనుకుంటున్నారు.

“నర్సమ్మా, దొరికిందా! పారేసుకుంటానేమోనని నేనే కుట్టేశాను. కుట్టిన సంగతే మర్చిపోయాను. కాస్త మా కోడలికి ఇచ్చేయవూ? నాతో మాట్లాడ్డం మానేసింది.”

“ఇస్తాలెండి” అంది కోడలు.

“మంచిదే పాపం. నోరే కాస్త...”

“అవునండీ. నోరే.”

అత్తగారిని లోపలికి తీసుకెళ్లాక, కోడలు ఫారం తిరగేసి, రెండు కొట్టేసి ఆరు వేసింది. స్కానింగ్ అతను వచ్చి చూసి, “ఇదేంటమ్మా, ఇందాక రెండని రాశారుగా?” అన్నాడు.

“ఆరేనండీ. నాకు తెలిసింది ఇప్పుడు.”

గోడ అవతల యంత్రం దబదబా మోత మొదలుపెట్టింది. కోడలు తాళంచెవిని ట్రేలో, గాజుల పక్కన పెట్టింది. ఆ బీరువా పాతసామాన్లవాడికి వేసి అయిదేళ్లయింది.