చప్పుడు లేకుండా, నొప్పి లేకుండా

మెస్కీట్ హాలోలో ఇళ్లన్నీ చక్రాల మీద వచ్చినవే. వచ్చి ముప్ఫై నలభై ఏళ్లు కావడంతో ఆ చక్రాల సంగతి ఎవరికీ గుర్తులేదు. టూసాన్ ఊరు అయిపోయి ఎడారి మొదలయ్యే చోట అరవై రెండు రేకు ఇళ్లు, ఇంటి ముందు గులకరాళ్ల వాకిలి, వాకిట్లో ఓ నారింజ చెట్టు. యాభై అయిదేళ్లు నిండనివాళ్లకు అక్కడ చోటివ్వరు. నిండినవాళ్లందరికీ బుద్ధి కూడా నిండి ఉంటుందనుకుంటే మాత్రం పొరపాటు.

ఆ మార్చిలో ఒక ఆడ కొయోటీ ఆ వాకిళ్లకు అలవాటు పడింది. కుక్కకీ నక్కకీ మధ్యరకంగా, బక్కగా, దుమ్ము రంగులో ఉండేది. ఎడమ చెవి చీలిపోయి ఉండేది. మొదటి వారం చెత్తడబ్బాలు దొర్లించింది. రెండో వారం డ్వేన్ క్రచర్ పిల్లిని ఎత్తుకుపోయింది. డ్వేన్ అక్కడి సంఘానికి అధ్యక్షుడు. అందుకని బుధవారం కాఫీ సమావేశంలో ఎవరూ డోనట్ ముట్టుకోకముందే మాట బయటికొచ్చింది.

"వేటగాణ్ణి పిలిపిద్దాం. ఒక్క తూటాతో పీడా పోతుంది" అన్నాడు డ్వేన్.

రోవెనా స్టాడ్లర్ లేచి నిలబడింది. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి, అల్లరి పిల్లల్ని అద్దంలోంచి ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి. ఆమె లేస్తే మిగతావాళ్లు కూర్చోవడం ఆ హాల్లో ఆనవాయితీ.

"తప్పు దానిది కాదు డ్వేన్. తిండి పెట్టింది మనం. రాలిన నారింజలు మనవి, పిట్టల గింజలు మనవి. ముందు అవన్నీ తీసేద్దాం. కనబడితే రెండు చేతులూ పైకెత్తి దాని మీదకే నడవండి. అది పోయేదాకా వెనక్కి తిరగకండి. మనిషంటే భయం మర్చిపోయింది, అంతే. గుర్తు చేద్దాం."

"డబ్బాలో గులకరాళ్లేసి గలగలలాడిస్తే ఇంకా తొందరగా పోతుందిగా" అన్నారెవరో వెనక నుంచి.

అందరూ హాలిస్ వైపు చూసి చూపు తిప్పుకున్నారు. హాలిస్ భార్య ఓపల్‌ను ఇక చేసేదేం లేదని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. అప్పట్నుంచి నలభయ్యో నంబరు ఇంటి దరిదాపుల్లో ఎవరూ రేడియో కూడా పెట్టడం లేదు.

"చప్పుడు వద్దు, దానికి నొప్పీ వద్దు. చేతులు చాలు" అంది రోవెనా.

డ్వేన్ నెల రోజులు గడువిచ్చాడు. ఆ లోపల అది మనిషి మీదకొచ్చినా, ఆ తర్వాత కంటబడినా వేటగాడికి ఫోన్ చేస్తానన్నాడు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తారు. హాలిస్ పరధ్యానంలో రెండూ ఎత్తాడు.

"ఒకటి చాలు హాలిస్, రెండోది కొయోటీకి దాచుకో" అన్నాడు డ్వేన్. చాలా రోజుల తర్వాత హాలిస్ నవ్వాడు.

ఆ నెలలో అక్కడి సంబడం చూసి తీరాల్సిందే. డెబ్భై ఏళ్ల ముసలమ్మలు, నైటీలమీదే, ఎవరో తుపాకీ గురిపెట్టినట్టు చేతులు పైకెత్తి ఎడారిలోకి నడిచిపోయేవాళ్లు. పదిహేడో నంబరు బెటీనా ఉతికిన దుప్పటి రెండు చేతులా పరిచి పట్టుకుని మరీ తరిమేది. నవ్వులాటగా ఉన్నా పని మాత్రం జరిగింది. మూడో వారానికి ఆ జంతువు ఎవరి వాకిట్లోనూ కనిపించలేదు. రోవెనాకి, ఎప్పుడూ ఏదీ గెలవని ఆ మనిషికి, ఇదొక్కటైనా గెలిచానన్న ధీమా వచ్చింది.

ఆ ధీమా ఓ సాయంత్రం దాకా నిలిచింది. హాలిస్ ఇంటి వెనక గోడ మీద తన నీలం గిన్నె కనబడింది ఆమెకు.

జబ్బుపడ్డ ఇంటికి అక్కడ ఎవరూ వట్టి చేతులతో వెళ్లరు. కోడి, అన్నం, చీజ్ కలిపి పెద్ద గిన్నెలో పెట్టి ఓవెన్‌లో వండి, పైన వెండికాగితం కప్పి ఇచ్చొస్తారు. గిన్నె ఖాళీ అయ్యాక కడిగి తిరిగివ్వాలి. ఓపల్ నీళ్లు కూడా మింగలేకపోతోంది. హాలిస్‌కి ఆకలి లేదు. అయినా రోజుకి రెండు గిన్నెలొస్తున్నాయి, రెండూ ఖాళీగా తిరిగెళుతున్నాయి. ఎలా అని ఎవరికీ అనుమానం రాలేదు.

చీలిన చెవి కొయోటీ గోడ మీద ముందుకాళ్లు ఆనించి రోవెనా వండిన అన్నం నాకుతోంది. కిటికీలోంచి ఓపల్ చూస్తోంది. ఆ మొహంలో నవ్వుంది. రోవెనా చేతులు సగం లేచి ఆగిపోయాయి.

కొయోటీ వెళ్లాక రోవెనా హాలిస్‌ని పెరటి మెట్ల దగ్గర పట్టుకుంది.

"అది నేను వండిన కోడి."

"బాగుందంది."

"వేళాకోళం వద్దు. దాన్ని నీ చేత్తో నువ్వే చంపుతున్నావ్, తెలుసా?"

"తెలుసు." అతను మెట్టు మీద కూలబడ్డాడు. "పొద్దున్నుంచి మా ఆవిడ ఎదురుచూసేది దీనికోసమే రోవెనా. నాకోసం కూడా కాదు. నర్సు పది రోజులంది. ఆ పది రోజులూ నోరు మెదపకు. తర్వాత నేనే చేతులెత్తి దాన్ని కొండల దాకా తరుముతా. నీ మీద ఒట్టు."

డ్వేన్ పెట్టిన గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. రోవెనా ఎవరితోనూ అనలేదు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మర్నాడు మళ్లీ కోడి వండింది. ఈసారి ఉప్పు వెయ్యలేదు.

ఆరో రోజు సాయంత్రం బెటీనా గిన్నె పట్టుకుని నలభయ్యో నంబరుకి బయల్దేరింది. కొయోటీ పొదల్లోంచి వచ్చి ఆమెకి ఎదురు పరిగెత్తింది. కోపంగా కాదు, పెంపుడు కుక్కలాగా. గిన్నె పట్టిన మనిషంటే తిండి అని అందరూ కలిసి దానికి నేర్పి పెట్టారు మరి. బెటీనా చేతులెత్తబోయింది, గిన్నె జారింది, ఆమె పడింది. మణికట్టు విరిగింది. డ్వేన్ ఫోన్ తీశాడు.

వేటగాడు మర్నాడు పొద్దున్నే వచ్చాడు. నెమ్మదస్తుడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని మాట్లాడాడు. డ్వేన్ అతణ్ణి రోవెనా దగ్గరికే తీసుకొచ్చాడు.

"దయగల పద్ధతి కావాలంది నువ్వే కదా. నువ్వే చెప్పు ఎలాగో."

"దూరంగా తీసుకెళ్లి వదిలెయ్యరా?" అంది రోవెనా.

"నాకు అనుమతి లేదమ్మా. వదిలినా అక్కడున్న కొయోటీలు బతకనివ్వవు. బోనులోకి రాదు. కాలి ఉచ్చు పెడితే తెల్లవార్లూ పెనుగులాడుద్ది." అతను టోపీ అంచు తడుముకున్నాడు. "మనుషుల దగ్గరికొస్తదంటున్నారు గదా. అట్టయితే ఉచ్చుతో పన్లేదు. దానికి తెలిసిన మనిషి, తెలిసిన గిన్నె ఉంటే చాలు. నా తుపాకీ చప్పుడు పక్కింటికి కూడా వినపడదు. తలొంచి తింటంటది. దానికేం తెలవదు."

చప్పుడు లేకుండా, నొప్పి లేకుండా. నెలకిందట హాల్లో లేచి నిలబడి ఆమె అడిగింది సరిగ్గా అదే. రోవెనా లోపలికెళ్లి నీలం గిన్నె తెచ్చింది.

ఓపల్ కిటికీకి కనబడకుండా ఉండాలని రోవెనా ఎండిపోయిన వాగులోకి నడిచింది. వేటగాడు గట్టు మీద పొద వెనక కూర్చున్నాడు. కొయోటీ ఎంతో సేపు ఎదురుచూడనివ్వలేదు. ఇరవై అడుగుల దూరంలో కనబడగానే రోవెనా గిన్నె ఇసుకలో పెట్టేసి రెండు చేతులూ పైకెత్తింది. దాని మీదకే నడిచింది. పో, పో అని పెదాలతోనే అంది. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని భయపెట్టిన చూపు మొత్తం కళ్లలోకి తెచ్చుకుంది.

కొయోటీ కూర్చుంది. ఆమె చేతులకేసి ఒకసారి, గిన్నెకేసి ఒకసారి చూసింది. తోక ఇసుకలో అటూ ఇటూ ఆడించింది.

రోవెనా చేతులు దించి పక్కకి తప్పుకుంది. వెనకాల పుస్తకం మూసినంత చప్పుడైంది.

"పాలిచ్చే తల్లి. ఎక్కడో పిల్లలున్నయ్" అన్నాడు వేటగాడు వంగి చూసి.

ఆమె మధ్యాహ్నం దాకా వాగు పొడుగునా వెతికింది. ప్రతి బొరియ ముందూ మోకాళ్ల మీద కూర్చుని చెవిపెట్టి వింది. ఏమీ దొరకలేదు. చేతులు చీరుకుపోయాయి. ఇంటికొచ్చి గిన్నె కడిగింది, మళ్లీ కడిగింది.

సాయంత్రం ఓపల్ రమ్మంటోందని హాలిస్ పిలిచాడు. అతనికి సంగతి తెలుసు. గుమ్మంలోనే మొహం తిప్పుకున్నాడు.

ఓపల్ కిటికీకేసే చూస్తోంది. గొంతు ఇంకా సన్నబడింది.

"ఇవాళ రాలేదు. నువ్వు తరిమేశావు కదూ?"

రోవెనా తలూపింది.

"మంచి పని చేశావే. హాలిస్‌కి చెబుతూనే ఉన్నా, ఇలా మరిగితే ఎవడో ఒకడు చంపేస్తాడని. వింటేగా. పిల్లల తల్లి కూడాను, దాని పొట్ట చూశావా?" కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "హమ్మయ్య. ఇంక బతికిపోతుంది. ఎలా తరిమావో చూపించవే, నేనెప్పుడూ చూడలేదు."

రోవెనా మంచం ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. చీరుకుపోయిన అరచేతులు చూసి ఓపల్ నవ్వింది. నవ్వుతూనే కళ్లు మూసుకుంది, నిద్ర పట్టింది. రోవెనా మాత్రం చేతులు దించకుండా అలాగే నిలబడి ఉంది.