ఏరు దాటించిన పాట

1994 నవంబరు 9, బుధవారం. పొద్దుటి నుంచీ తుంపర. బట్టను ఆరనివ్వదు, తనూ గట్టిగా కురవదు, అదోరకం వాన. పైగదిలో తమ్ముడు గిటారు సరిచేయడం వినగానే దర్జీ అక్క కుట్టుమిషను ఆపి, తడిగుడ్డా బకెట్టూ దగ్గరికి లాక్కుంది.

తమ్ముడు కట్టిన రాక్ పాట నిడివి ఇరవై ఏడు నిమిషాలు. ఒకప్పుడు అంతసేపట్లో పాటల్లో ప్రేమించి, విడిపోయి, మళ్లీ కలుసుకునేవాళ్లు కూడా. అది వేరే సంగతి. ఈ పాటది యాభై రెండేళ్ల కిందటి యుద్ధం: వెనక్కి తగ్గుతున్న సైన్యం, చివరి దళం దాటకముందే వంతెన పేల్చేసింది. పద్నాలుగో నిమిషంలో ఆ దళంలోని ఎనిమిదిమందీ స్పీకరు పెట్టెలోంచి మోకాలి లోతు బురదతో దిగి, గోడవారన నిలబడేవాళ్లు. పాట మధ్యలో ఆగితే నిట్టూర్చి పెట్టెలోకి వెళ్లిపోయేవాళ్లు. బురద మాత్రం అక్కకి.

ఆ పాట రోజూ మధ్యలోనే ఆగేది. ఇరవై రెండో నిమిషంలో తాళం ఏడు దెబ్బలకి మారుతుంది. అక్క మొగుడు డ్రమ్ముల మీద ఎనిమిదోది వేసేవాడు. ఇక బావాబావమరుదుల కొట్లాట.

వచ్చేవాళ్లలో ఇరవై మూడేళ్లవాడు నాయనమ్మకి స్వయానా అన్న. ఇల్లు అతని పేరనే ఉంది. శుక్రవారంలోగా యజమాని సంతకం తేకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని మునిసిపాలిటీ నుంచి కాగితం వచ్చింది. అక్క కలం పట్టుకెళితే అతనేమో, "ఏరు దాటేదాకా తుపాకీ వదలొద్దన్నారమ్మా, చెయ్యి ఖాళీ లేదు" అన్నాడు.

ఆ బుధవారమూ ఎనిమిదో దెబ్బ పడింది. అక్క మెట్లు దద్దరిల్లేలా పైకెక్కింది.

"ఏమండీ, ఏడు లెక్కపెట్టడానికి ఏం రోగం?"

"ఏడే వేశానే!"

"అవును, ఏడూ వేసి పైన కొసరొకటి!" అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్యండి ఇద్దరూ. నా మిషను పైకి మోయండి."

ఇరవై ఏళ్లుగా గౌన్లకి కుచ్చులు కుడుతున్న కాలు ఆమెది. కుచ్చుకి ఏడే కుట్లు. ఎనిమిదోది పడితే గౌను వంకర. పాట మళ్లీ మొదలైంది. ఇరవై రెండో నిమిషంలో ఆమె తొక్కుడుపలక మీద కాలేసింది. ఆ చప్పుడు పట్టుకుని మొగుడు వాయించాడు, చెమటలు కక్కుతూ. ఇరవై ఏడో నిమిషంలో పాట ముగిసింది. ఎనిమిదిమందీ ఒక్కసారి కాళ్లకింది పొడినేల చూసుకుని, తుపాకులు గోడకి ఆనించారు.

"ఇంత ఆలస్యమేంట్రా అన్నయ్యా?" అంది నాయనమ్మ, గుమ్మం పట్టుకుని.

అతను ఆమె మొహంలోకి వంగి చూశాడు. "నువ్వు చెల్లివా? అచ్చం అమ్మలా ఉన్నావే."

శుక్రవారం అతను సంతకం పెట్టి, ఇల్లు పంచుతూ ఇంకో కాగితం రాశాడు. ఆ కాగితం ప్రకారం కింది వాటా దర్జీ అక్కకి. నాయనమ్మ వాటా అడగలేదు; అన్న పక్కన కుర్చీ వేసుకుంది. పైగది, తిరిగి వెళ్లడానికి ఇళ్లు మిగలని తక్కిన ఏడుగురికీ. అక్క విసుక్కుంటూనే టేపు తీసి ఒక్కొక్కరి నడుం కొలవసాగింది. డ్రమ్ములాయనకి ఏమీ రాలేదు. పాట కట్టిన తమ్ముడికి వాయించుకునే గది కూడా పోయింది.