మా ఇంటి ఎక్స్‌ప్రెస్ పాస్

“పాసులు మాకక్కర్లేదండీ, మా ఆవిడ ఉంది” అన్నారు మా ఆయన, పార్కు టికెట్ల కిటికీలోకి తల పెట్టి.

లోపల కూర్చున్న అమ్మాయికి ముందు అర్థం కాలేదు. ఎక్స్‌ప్రెస్ పాస్ తీసుకుంటే చేతికి పసుప్పచ్చ పట్టీ వేస్తారనీ, పట్టీ ఉన్నవాళ్ళు ఏ రైడ్ దగ్గరా లైన్లో నిలబడక్కర్లేదనీ, పక్క గేట్లోంచి నేరుగా వెళ్ళి కూర్చోవచ్చనీ మళ్ళీ మొదట్నుంచీ చెప్పబోయింది. ఆయన బొటనవేలితో నన్ను చూపించి, “ఇదిగో, మా ఇంటి ఎక్స్‌ప్రెస్ పాస్. పెళ్ళిలోనే తీసుకున్నా. ఇంకా చెల్లుతోంది” అన్నారు. ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. మా వెనకవాళ్ళు నవ్వారు. మా ఎనిమిదేళ్ళ పిల్లాడు, సంగతి తెలియకపోయినా, అందర్నీ చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. అలాంటప్పుడు నవ్వకపోతే ముఖం మాడ్చుకుందంటారు, సరదా తెలియని మనిషంటారు. నవ్వనిది మా అమ్మాయి ఒక్కతే. పన్నెండేళ్ళు దానికి. టోపీ అంచు కళ్ళమీదికి లాక్కుని అటు తిరిగి నిలబడింది.

ఆయన చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. మా ఇంట్లో లైన్లో నిలబడే పని నాది. ఇది నీ పని అని ఎవరూ ఒకరోజు కూర్చోబెట్టి చెప్పలేదు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారి మోకాళ్ళ నొప్పులకి పెద్దాసుపత్రికి వెళ్ళాల్సొచ్చింది. తెల్లారగట్లే వెళ్ళి నేను నిలబడ్డాను. ఆవిడ తీరిగ్గా స్నానం చేసి, టిఫిన్ తిని, కొడుకు బండిమీద వచ్చి నా చోట్లో నిలబడి లోపలికి వెళ్ళొచ్చారు. “నా కోడలికి ఓపిక ఎక్కువమ్మా, నిలబెడితే స్తంభమే” అని చుట్టాలందరికీ చెప్పుకున్నారు. అది మెచ్చుకోలనుకుని నేను మురిసిపోయాను కూడా. ఆ తర్వాత బిల్లులు, పిల్లల స్కూలు సీట్లు, ఆయన పాస్‌పోర్టు, సినిమా టికెట్లు, ఆఖరికి విందుల్లో ఎవరో ఇంకా తింటుండగానే వాళ్ళ కుర్చీ వెనక నిలబడి మావాళ్ళకి చోటు పట్టడం. ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది నాకు. కంటాసుపత్రిలో టోకెన్లు పిలిచే బల్ల దగ్గర ఉంటాను. ఎక్కువ కట్టినవాళ్ళు వచ్చినప్పుడు ముందు వాళ్ళని పంపించమని డాక్టరుగారు లోపల్నుంచి ఫోన్ చేస్తారు. పంపిస్తాను. కళ్ళల్లో మందు వేయించుకుని, పొద్దున్నుంచీ మసగ్గా చూస్తూ కూర్చున్న ముసలివాళ్ళు డాక్టరుగార్ని ఏమీ అనరు. నన్నంటారు. “మేం మనుషులం కాదా తల్లీ?” అంటారు. నవ్వుతూ సారీ చెప్తాను.

పార్కులో మా పద్ధతి ఇలా ఉంటుంది. నేను లైన్లో నిలబడతాను. ఆయనా పిల్లలూ నీడలో కూర్చుంటారు, ఐస్‌క్రీమ్ తింటారు, చిన్నచిన్న ఆటలు ఆడుకుంటారు. చివరి మలుపుకొచ్చాక నేను మిస్డ్ కాల్ ఇస్తాను. “ఫ్యామిలీ అండీ, ఫ్యామిలీ” అంటూ ఆయన పిల్లల్ని ముందు తోసుకుంటూ కడ్డీల మధ్యనుంచి దూరి వస్తారు. వాళ్ళు ఎక్కే వేళకి నేను చెప్పులు, టోపీలు, కళ్ళజోళ్ళు, నీళ్ళ సీసాలు అన్నీ ఒళ్ళో వేసుకుని బయటికొచ్చేస్తాను. సామాన్లు ఎవరైనా చూడాలి కదా. పిల్లలు కిందికి దిగి “అమ్మా, చూశావా?” అంటే చూశానంటాను. నిజానికి ఎప్పుడూ సరిగ్గా కనపడదు.

ఆ రోజు మొదట నీళ్ళ పడవల దగ్గర నిలబడ్డాను. నా వెనక చంటిపిల్లని భుజాన వేసుకుని ఒకావిడ. నాకంటే చిన్నది. పిల్ల నిద్రపోతోంది, ఎండ నెత్తి మాడ్చేస్తోంది. నా చున్నీ ఒక కొస తీసి పిల్ల తలమీద కప్పాను. ఆవిడ తన సీసాలో నీళ్ళు నాకిచ్చింది. అక్కా అక్కా అంటూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పింది. వాళ్ళాయన పెద్దపిల్లని ఇంకో రైడ్‌కి తీసుకెళ్ళాడట, ఈ పిల్ల పుట్టాక ఇదే మొదటిసారి తను ఇల్లు కదలడమట. ముందున్న పడవలు లెక్కపెట్టుకుని, “ఇంకో రెండు పడవలకి మనమే అక్కా” అంది. ఆ మనం అన్న మాటకి నా ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే “ఫ్యామిలీ అండీ, ఫ్యామిలీ” అని వినిపించింది. ముగ్గురూ వచ్చి నా ముందు దూరారు. లెక్క తప్పింది, ఆవిడకి పడవలో చోటు పోయింది.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు నాకు అలవాటే, దులిపేసుకుంటాను. నా ముఖంలోకి చూసి, “ఇంతసేపు మాట్లాడుకున్నాం, ఒక్కమాట చెప్పలేదే అక్కా” అంది, అంతే. పిల్ల తలమీంచి నా చున్నీ తీసి నా చేతిలో పెట్టింది. తల కొట్టేసినట్టయింది నాకు. చెప్పులూ టోపీలూ ఏరుకుని, లైన్లోవాళ్ళందరి చూపుల మధ్యనుంచి కడ్డీల కింద వంగి వంగి బయటపడ్డాను.

మధ్యాహ్నానికి పిల్లాడు కొండంత ఎత్తున్న రోలర్‌కోస్టర్ ఎక్కుతానని పేచీ మొదలెట్టాడు. దాని లైను పాములా మెలికలు తిరిగి ఉంది. నాకు పొద్దుట్నుంచీ పొత్తికడుపులో నొప్పి. అంతకుముందు లైన్లో ఉండగానే నెలసరి మొదలైందని తెలుస్తూనే ఉంది, కదిలితే చోటు పోతుందని బిగబట్టుకుని ఉండిపోయాను. ఇక ఆగలేక, “ఏవండీ, నేనొకసారి బాత్రూమ్‌కి వెళ్ళాలి, ఈసారి మీరు నిలబడండి” అన్నాను.

“నేనా? వాణ్ణెవరు చూస్తారు మరి?” అన్నారు. చుట్టూ చూశారు. ఆయన చూపు అమ్మాయి మీద ఆగింది. “అమ్మాయిని పంపు. ఎంత పొడుగైందో చూడు, ఇక అదీ నేర్చుకోవాలిగా.”

ఇందులో ఆయన తప్పు ఎంతుందో నాకు తెలియదు. ఆయన పంపమన్నారు గానీ పంపింది నేను. కాదని ఒక్కమాట అనలేదు. నా తొందరలో నేనుండి, దాని భుజం మీద చెయ్యేసి, “వెళ్ళి కాసేపు నిలబడమ్మా, తమ్ముడు చిన్నవాడు కదా, ఎండకి తట్టుకోలేడు” అన్నాను. దానికి మాత్రం ఎండ కాదా అని నాకు తోచనేలేదు.

అది టోపీ సర్దుకుంటూ, ఏ పుస్తకం తీసుకెళ్ళాలమ్మా అని అడిగినంత మామూలుగా అడిగింది. “ఎక్కడానికా అమ్మా, ఊరికే నిలబడ్డానికేనా?”

“ఎక్కడానికే, పిచ్చిమొహమా!” అన్నాను నవ్వి. అది వెళ్ళిపోయింది. నేను బాత్రూమ్‌లో తలుపు గడియ పెట్టుకుని నిలబడ్డాక ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఆడపిల్లకి అలాంటి అనుమానం ఎందుకొస్తుంది? చూడబట్టి వస్తుంది. నన్ను చూడబట్టి వస్తుంది. పక్క గదుల్లో తలుపులు టపటపా పడుతున్నాయి, బయట ఎవరో త్వరగా రమ్మని తిడుతున్నారు. గడియ తీసి కుళాయి దగ్గరికొచ్చి, ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటూ అద్దంలోకి చూడలేకపోయాను. నాకు సిగ్గేసింది. పొద్దున ఆ చంటిపిల్లతల్లి ముందు పడ్డ సిగ్గు వేరు, అది పరాయి మనిషి ముందు. ఇది నా కడుపున పుట్టినదాని ముందు.

తిరిగొచ్చేసరికి అమ్మాయి లైన్లో సగం దాటేసింది. దాని వెనక ఒక పెద్దమనిషి గట్టిగా అడుగుతున్నాడు. “ఎవరికోసం పట్టావు పాపా చోటు? మీవాళ్ళు మధ్యలో వచ్చి దూరితే ఊరుకోం, ముందే చెప్తున్నా.” చుట్టూ పదిమంది దాన్నే చూస్తున్నారు. అది నవ్వింది. తల కాస్త పక్కకి వంచి, పెదాలు బిగించి, కళ్ళు కిందికి దించుకుని నవ్వింది. “సారీ అంకుల్. మా తమ్ముడు చిన్నవాడు, ఎండకి తట్టుకోలేడు” అంది.

ముక్కూ మొహం దానివి నాన్నమ్మ పోలికని అందరూ అంటారు. ఆ నవ్వు మాత్రం అచ్చం నాదే.

కడ్డీల బయటనుంచే దాని పక్కకి వెళ్ళాను. “బయటికి రా తల్లీ” అన్నాను.

“ఇప్పుడా? ఇంతదూరం వచ్చాకా?” దాని కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. “నాన్న తిడతారమ్మా. పోనీ నువ్వు నా చోట్లోకి రా, నేను వెళ్ళిపోతాను.”

“నాకు నీ చోటు వద్దు. నిన్ను నిలబెట్టడం నాదే తప్పు. రా” అని చెయ్యి చాచాను. అది కడ్డీ కింద వంగి వచ్చింది. ఖాళీ అయిన చోట్లోకి ఆ పెద్దమనిషి వెంటనే జరిగాడు. మేమిద్దరం మొత్తం లైను పక్కనుంచి వెనక్కి నడిచాం. అందరూ మమ్మల్ని వింతగా చూశారు. చిట్టచివరికి వెళ్ళి నిలబడ్డాం. అది ఏడుస్తూనే ఉంది. కోపంతో నా చెయ్యి వదిలించుకుంది. వదిలించుకోనిచ్చాను.

పిల్లాణ్ణి చెయ్యిపట్టుకుని ఆయన పరుగులాంటి నడకతో వచ్చారు. “ఏమే, మతి పోయిందా? సగం వచ్చాక వదిలేస్తారా ఎవరైనా? అంతసేపు నిలబడ్డదంతా ఏమైంది?”

“అది మీకోసం నిలబడ్డ లైను. ఇది మేం ఎక్కడానికి” అన్నాను. పైకే అన్నాను.

“మరి సామాన్లు?”

చేతిలో ఉన్న సంచీ ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. ఆయన నవ్వబోయారు. “చూశారా, మా పాస్‌కి కోపమొచ్చింది” అన్నారు ముందున్నవాళ్ళని చూస్తూ. ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు. నేను నవ్వలేదు. నేను నవ్వకపోయేసరికి వాళ్ళకీ నవ్వాలో వద్దో తెలియక ముందుకి తిరిగిపోయారు. పిల్లాడు కాసేపు నాన్నవంకా నావంకా చూసి, మెల్లగా వచ్చి అక్క వెనక నిలబడ్డాడు.

ఆయన అటూ ఇటూ కాకుండా కడ్డీ పక్కన ఉండిపోయారు. ఇంతలో పిల్లల్ని వెంటబెట్టుకుని ఎవరో వచ్చి ఆయన్ని అడిగారు, “లైన్లో ఉన్నారాండీ మీరు?” అని.

ఆయన నావంక చూశారు. ఇన్నేళ్ళుగా ఆయన తరఫున ఆ జవాబు చెప్పింది నేనే. ఇప్పుడూ నేనే చెప్తానని చూస్తున్నారు.

“ఆయన్నే అడగండి” అన్నాను.