దిద్దిన వాక్యం

న్యూజిలాండ్‌లో సోమవారం ఉదయం ఆరుంపావుకు గ్రాహమ్ ఫోన్ చేసేసరికే బెట్సీ వంటింటి బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. కూతురు ఫేబీ కోసం పెట్టిన పాలు పొంగి స్టవ్ మీదుగా కారుతున్నా ఆమెకు పట్టలేదు. ఫ్రాన్స్‌లో అప్పుడు ఆదివారం రాత్రి. అధ్యక్ష ఎన్నికల తొలి రౌండ్ ఫలితం ఇప్పుడే తెలిసింది.

పదహారుమంది పోటీ చేశారు. వాళ్ళలో మొదటి ఇద్దరే రెండో రౌండ్‌కు వెళతారు. ఆ ఇద్దరూ ఇప్పటి అధ్యక్షుడు, సోషలిస్టు ప్రధానమంత్రి అని లోకమంతా లెక్కేసుకుని కూర్చుంది. ప్రధానమంత్రి మూడో స్థానంలోకి పడిపోయాడు. వలసలు ఆపాలని ముప్పయ్యేళ్ళుగా ప్రచారం చేస్తున్న తీవ్ర జాతీయవాది రెండో స్థానంలోకి వచ్చాడు.

"చూశావా?" అన్నాడు గ్రాహమ్.

"చూశాను."

"రేడియోవాళ్ళు నిన్నడుగుతున్నారు. ఎనిమిది గంటల పదినిమిషాలకి స్టూడియోలో ఉండాలి. నేనూ వస్తాను."

ఫోన్ పెట్టేశాక స్టవ్ తుడుస్తుంటే బెట్సీకి నవ్వొచ్చింది. అక్కడ జరిగినది మంచి కాదని తెలుసు. అయినా ఇది తను ముందే చెప్పింది. ఫిబ్రవరిలోనే చెప్పింది. నాలుగేళ్ళుగా తను పనిచేస్తున్న సంస్థలో ఆమె యూరప్ రాజకీయాల గురించి రాసినదంతా గోడకు చెప్పినట్టే అయింది. ఇవాళ వింటారు.

థింక్ ట్యాంక్ అంటారు గానీ ఆ సంస్థలో ఉన్నది ఏడుగురు. ప్రభుత్వానికి, ఎగుమతి వ్యాపారులకు, పత్రికలకు విదేశాల సంగతులు విప్పిచెప్పడం వాళ్ళ పని. గ్రాహమ్ డైరెక్టర్. యూరప్ బెట్సీ భాగం. నర్సాపురం మిషన్ స్కూల్లో చదువుకున్న పిల్ల హైదరాబాద్‌లో ఫ్రెంచి నేర్చుకుని, ఉత్తర ఫ్రాన్స్‌లో లీల్ పక్కనున్న చిన్న ఊళ్ళో రెండేళ్ళు ఇంగ్లిష్ చెప్పి, అక్కడే డాక్టరేట్ చేసింది. భర్త మైఖేల్‌కు ఆక్లండ్‌లో నర్సుగా ఉద్యోగం రావడంతో ఇటొచ్చింది. వాళ్ళుండే శివారు పాపటోయిటోయిలో ఆమె చేసే పనేమిటో చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాదు. "ఆఫీసులో పనిచేస్తుంది" అని తేల్చేస్తారు.

స్టూడియోలో అద్దానికి అవతల గ్రాహమ్ కాఫీ కప్పుతో నిలబడ్డాడు. ఇవతల చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని బెట్సీ కూర్చుంది. ప్రశ్నలడిగే ఆవిడ మర్యాదగానే మొదలుపెట్టింది. ఓట్ల శాతాలు అడిగింది. రెండో రౌండ్‌లో ఏమవుతుందని అడిగింది. ఆ తర్వాత కాగితాల చప్పుడు వినిపించింది.

"డాక్టర్ బెట్సీ, మార్చిలో మీ పేరు మీద వచ్చిన నివేదిక నా దగ్గరుంది. పదకొండో పేజీలో ఇలా ఉంది: 'రెండో రౌండ్ అధ్యక్షుడికీ ప్రధానమంత్రికీ మధ్యనే జరుగుతుందన్నది నిస్సందేహం.' నిస్సందేహం అన్నారు మీరు. ఎక్కడ పొరబడ్డారు?"

బెట్సీ అద్దం అవతలికి చూసింది.

ఆ వాక్యం ఆమెది కాదు. ఆ చోట ఆమె ఫిబ్రవరిలో ఒక పేరా రాసింది. లీల్ పక్కన ఆ ఊళ్ళో తను అద్దెకున్న ఇంటావిడ జినెట్. నూలుమిల్లులో ముప్పయ్యేళ్ళు పనిచేసి, మిల్లు మూతపడ్డాక ఇంట్లో కూర్చుంది. బెట్సీ ఆమెకు పదిహేను రోజులకోసారి ఫోన్ చేస్తుంది. జనవరిలో జినెట్ అంది: "మా వీధంతా సోషలిస్టులే. కానీ తొలి రౌండ్‌లో ప్రధానమంత్రికి ఎవరూ వెయ్యరు. చిన్న పార్టీలకి వేసి ఆయనకి బుద్ధి చెబుతాం అంటున్నారు. రెండో రౌండ్‌లో ఎలాగూ ఆయనకే వేస్తాం కదా అంటున్నారు." బెట్సీ ఆ ప్రాంతం నుంచి వచ్చే చిన్న పత్రికలు తిరగేసింది. ఇంకో మూడు ఊళ్ళలో పాత స్నేహితులకు ఫోన్ చేసింది. అందరిదీ ఒకే మాట. దాంతో రాసింది: 'అందరూ రెండో రౌండ్ కోసం ఆగితే ప్రధానమంత్రి రెండో రౌండ్ దాకా రాకపోవచ్చు.'

గ్రాహమ్ ఆ పేరా మొత్తం కొట్టేశాడు. "పారిస్‌లో సర్వే సంస్థలన్నీ ఒకటి చెబుతుంటే మనం ఒక ముసలావిడ ఫోన్ పట్టుకుని ఇంకోటి రాస్తామా? దౌత్యవేత్తలు చదువుతారు. నవ్వులపాలవుతాం" అన్నాడు. దాని స్థానంలో ఈ వాక్యం తనే రాశాడు.

ఇప్పుడు అద్దం వెనక గ్రాహమ్ కప్పులోకి చూస్తున్నాడు.

'అది నేను రాయలేదు' అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఎలా ఉంటుంది? క్లాసులో టీచర్ అడిగితే 'నేను కాదు మిస్, వాడు' అన్నట్టుంటుంది. అట్ట మీద ఉన్నది తన పేరు.

"అంచనా తప్పింది. ఒప్పుకుంటున్నాను" అంది.

బయటికొచ్చాక గ్రాహమ్ భుజం తట్టాడు. "చాలా హుందాగా చెప్పావు. థాంక్స్."

ఆ థాంక్స్‌కు ఆమె ఒళ్ళు మండింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఫేబీ గుమ్మంలోనే అడిగింది. "మమ్మీ, యూ సెడ్ సారీ ఆన్ ద రేడియో? డాడీ కార్‌లో విన్నాం."

"సారీ అనలేదమ్మా. తప్పయింది అన్నాను."

"సేమ్ థింగ్" అని ఫేబీ లోపలికెళ్ళిపోయింది.

మైఖేల్ రాత్రి డ్యూటీకి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాడు. బెట్సీ జరిగిందంతా చెప్పింది. అతను ఇస్త్రీపెట్టె నిలబెట్టి విన్నాడు.

"అదెలా కుదురుతుంది? మా వార్డులో పేషెంటు చార్ట్‌లో మందు డోసు ఎవరు మారిస్తే వాళ్ళే పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఎంత పెద్ద డాక్టరైనా సరే. వాళ్ళు మార్చేసి నా పేరుంచితే నేను ఊరుకుంటానా?"

"మీకు ఊరుకోకపోవడం అలవాటు."

"అతను మార్చాక, అచ్చుకు ముందు నువ్వు చూశావా లేదా?"

బెట్సీ లేచి వెళ్ళి జినెట్‌కు ఫోన్ కలిపింది. అక్కడ ఉదయం పది దాటింది. జినెట్ గొంతు బొంగురుపోయి ఉంది.

"మీరు చెప్పినట్టే జరిగింది" అంది బెట్సీ. "మీరొక్కరే సరిగ్గా చెప్పారు."

అటుపక్క జినెట్ కుర్చీ లాక్కున్న చప్పుడయింది.

"నేనూ వెయ్యలేదు, బెట్సీ."

"ఏమిటి?"

"ప్రధానమంత్రికి. నేనూ వెయ్యలేదు. మిల్లు మూసేటప్పుడు మా గోడు ఎవరూ వినలేదని కోపం. చిన్న పార్టీ తరఫున నిలబడ్డ ఒకామెకి వేశాను. జరగబోయేది తెలిసీ వేశాను. నా ఒక్కదాని ఓటుతో ఏమవుతుందిలే అనుకున్నాను. నిన్న రాత్రి టీవీలో ఆ రెండోవాడి ముఖం కనిపించగానే ఆపేసి చీకట్లో కూర్చున్నాను."

బెట్సీ ఏదో ఓదార్పు మాట చెప్పింది. తర్వాత ఫోన్ పెట్టేసింది. మైఖేల్ అడిగిన ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు. మార్చాక చూసింది. అచ్చుకు వెళ్ళేముందు ప్రూఫు ఆమె బల్ల మీదకే వచ్చింది. పదకొండో పేజీ చదివింది. పళ్ళు కొరుక్కుంది. గ్రాహమ్‌తో అంతకుముందు వారమే ఇంకో విషయం మీద గొడవపడి ఉంది. మళ్ళీ ఎందుకులే అనుకుంది. కింద సంతకం పెట్టింది.

మంగళవారం ఆమె గ్రాహమ్ గదిలోకి వెళ్ళి నిలబడే అడిగింది. "కొట్టేసిన పేరా యథాతథంగా అచ్చువేసి, సవరణ కాగితం అందరికీ పంపాలి."

"ఎందుకు? రెండు వారాల్లో రెండో రౌండ్ అయిపోతుంది. ఎవరికి గుర్తుంటుంది?"

"నాకు గుర్తుంటుంది."

గ్రాహమ్ సొరుగు తెరిచి పాత ప్రూఫు తీశాడు. కోపంగా కాదు, కాస్త ఇబ్బందిగానే ఆమె ముందుంచాడు. "నేను మార్చింది నిజమే. నువ్వు చదివి సంతకం పెట్టిందీ నిజమే. అప్పుడే వద్దని చెప్పి ఉంటే మాట్లాడుకునేవాళ్ళం కదా?"

మాట్లాడుకునేవాళ్ళం కాదని ఆమెకు తెలుసు. కానీ సంతకం తనది. బెట్సీ ఆ కాగితం తిప్పి అతని వైపు నెట్టింది.

"సరే. ఇకమీద మీరు మార్చిన ప్రతిచోటా పక్కన మీ పొట్టి సంతకం ఉండాలి. లేకపోతే నేను కింద సంతకం పెట్టను."

"మనం హాస్పిటల్ నడపడం లేదు, బెట్సీ."

"తెలుసు. అందుకే ఎవరూ చావలేదు."

ఆ ఆదివారం చర్చి అయ్యాక టీ దగ్గర రెజినాల్డ్ అంకుల్ ఎదురొచ్చాడు. ఆయన రిటైరైన పోస్టుమాస్టర్. రోజంతా రేడియో వింటాడు. "విన్నానమ్మా నీ ప్రోగ్రాం. పెద్ద చదువు చదివి కూడా తప్పు ఒప్పుకున్నావ్ చూడు, అదీ వినయం అంటే. మా కోడలికి కూడా చెప్పా" అన్నాడు. బెట్సీ చేతిలో బిస్కెట్ టీలో విరిగిపడింది. ఆయనకు ఏమని చెప్పాలి? "థాంక్సండీ అంకుల్" అని కప్పు సింకులో పెట్టేసింది.

మే నెలలో కొత్త నివేదిక మొదలుపెట్టింది. జూన్‌లో ఫ్రాన్స్ పార్లమెంటు ఎన్నికలున్నాయి. ఈసారి పది ఊళ్ళకు ఫోన్ చేసింది. ఎవరు ఓటేస్తారని కాక, అసలు ఎవరెవరు ఇంట్లోనే ఉండిపోతారని అడిగింది. ముప్పయి పేజీలు వచ్చాయి. తను రాసినవాటిలో ఇదే మేలైనదని ఆమెకు తెలుసు.

గ్రాహమ్ నలభై చోట్ల మార్చి పంపాడు. ఎక్కడా పొట్టి సంతకం లేదు. బెట్సీ వెనక్కి పంపింది. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది. ఒక కామా పక్కన మాత్రం అతని సంతకం ఉంది. ఆమె మళ్ళీ వెనక్కి పంపింది. మూడోసారి అతను ఆమె గది గుమ్మంలో నిలబడి, "ఇలాగైతే ఇది ఎన్నికల్లోపు అచ్చవదు" అన్నాడు.

"మీరు పెన్ను తీస్తే రేపే అవుతుంది" అంది.

అతను పెన్ను తియ్యలేదు. జూన్ పదకొండున న్యూజిలాండ్ ప్రధానమంత్రి జూలైలో ఇక్కడే ఎన్నికలని ప్రకటించింది. దాంతో కథ ముగిసింది. ఊళ్ళో పెళ్ళి పెట్టుకుని పొరుగూరి పెళ్ళి ముచ్చట్లు ఎవరికి కావాలి? బోర్డు ఫ్రాన్స్ నివేదికను పక్కన పెట్టమంది. ముప్పయి పేజీలూ బెట్సీ అలమరాలోకి వెళ్ళాయి. ఫ్రాన్స్ ఎన్నికలయ్యాక ఫలితాలతో ఒక్కో పేజీ సరిచూసుకుంది. రెండు చోట్ల తప్పింది. మిగతాదంతా సరిపోయింది. అది చెప్పడానికి కూడా ఎవరూ లేరు. మైఖేల్‌కు చెబితే, "మంచిది. అన్నం తిను" అన్నాడు.

మర్నాడు గ్రాహమ్ ఉత్సాహంగా వచ్చాడు. పాత చిరాకంతా మరచిపోయినట్టున్నాడు. "నువ్వుండేది పాపటోయిటోయిలో కదా? అక్కడి ఇండియన్ ఓటర్ల మీద రెండు పేజీలు కావాలి. శుక్రవారానికి. నీకైతే ఫోన్లు కూడా అక్కర్లేదు."

బెట్సీ అతని వైపు చూసింది. మొదట కోపం తన్నుకొచ్చింది. పదేళ్ళు యూరప్ చదివిన మనిషిలో ఇతనికి కనిపించింది ఇంటి అడ్రసూ ఒంటి రంగూ. ఆ కోపం వెనకే ఇంకో సంగతి తట్టి ఆమె ముఖం వేడెక్కింది. తన వీధిలో ఫిజీ నుంచి వచ్చిన కుటుంబాలు ఎవరికి ఓటేస్తాయో, పక్కింటి సర్దార్జీకి ఏ మంత్రి మీద కోపమో ఆమెకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. లీల్ పక్కన మిల్లు వీధి తెలిసినంతగా తన వీధి తెలియదు.

"నేను రాయను" అంది.

"రెండు పేజీలే."

"నాకు తెలియదు, గ్రాహమ్. అక్కడ ఎవరితోనూ మాట్లాడలేదు. తెలియనిదానికి నా పేరు పెట్టను. మూడు నెలలు ఇస్తే మాట్లాడి రాస్తాను."

"మూడు నెలల్లో ఎన్నికలే అయిపోతాయి!"

"అవును. అయిపోతాయి."

గ్రాహమ్ తల అడ్డంగా ఆడించి వెళ్ళిపోయాడు. ఆ రెండు పేజీలు ఊరికి ఆ చివర నార్త్ షోర్‌లో ఉండే కుర్ర ఆర్థికవేత్త ఒకడు గురువారానికే రాసిచ్చాడు. శనివారం పేపర్లో అవి బొమ్మతో సహా వచ్చాయి. బెట్సీ వాటిని పాపటోయిటోయిలో 'డెయిరీ' అని పిలిచే వీధి చివరి చిల్లర కొట్టులో పాలు కొంటూ నిలబడి చదివింది. కొట్టాయన ఫిజీ ఇండియన్. మూడేళ్ళుగా ఆమెకు పాలమ్ముతున్నాడు. అతని పేరేమిటో కూడా ఆమెకు తెలియదు.

పేపరు మడిచి కౌంటర్ మీద పెట్టి, "ఇందులో మీ గురించి రాశారు. నిజమేనా?" అని అడిగింది.

ఆయన కళ్ళజోడు తగిలించుకుని మొదటి పేరా చదివాడు. "ఎవడు రాశాడమ్మా ఇది?" అని విసుక్కుంటూ కౌంటర్ వెనకనుంచి స్టూలు లాగి ఆమె వైపు జరిపాడు.