నీళ్లతొట్టి పక్క మట్టి

కంచెకి ఇవతల గడ్డి ముదురాకుపచ్చగా ఉంది. అవతల మాత్రం కామెర్లొచ్చిన కళ్లలా పసుపుబారిపోయింది. ఇవతలిది తమ్ముడిది, అవతలిది అక్కది.

"నీ చెయ్యి మంచిదిరా," అంది అక్క, కంచె మీద మోచేతులు ఆనించి. "అదే భూమి, అదే వాన. నా వైపు చూడు, మంగలి గొరిగినట్టుంది."

తమ్ముడు పాల క్యాను మూతని తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"ఎల్లుండి బేరగాడు వస్తున్నాడు. చుక్కదాన్ని ఇచ్చేస్తా. పూటకి మూడు లీటర్లు తగ్గించేసింది. దాన్నని ఏం లాభంలే, వయసైపోయింది. నాలాగే."

చుక్కల ఆవుకి వయసు కాలేదు. దానికి కడుపు నిండడం లేదు. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు.

ఎరువు ధర మండిపోయినప్పుడు మట్టి పరీక్ష చేయిద్దామన్నది అక్కే. ఇద్దరి పచ్చికకీ కలిపి ఒకటే పరీక్ష, అవసరమైనంతే వేద్దామని. పచ్చికంతా వంకరటింకరగా నడుస్తూ పదిహేను చోట్ల తవ్వి, ఆ మట్టంతా కలిపి సంచిలో పొయ్యాలి. ఆ పని అతను తీసుకున్నాడు. మొదటి గుంటలో మట్టి బూడిదలా జారింది. మచ్చుకి ఒక్క వానపాము లేదు. పరీక్ష చేసేవాడు బడిలో అతని పక్కన కూర్చున్నవాడు. తను ఇరవయ్యేళ్లు యూరియా బస్తాలు గుమ్మరించి నేలని ఎలా పాడుచేశాడో వాడు ఒక్క చూపులో పట్టేస్తాడు. ఆ చూపుని అతను ముందే ఊహించుకున్నాడు, ముందే తల దించుకున్నాడు. అక్కడినుంచి తిన్నగా నీళ్లతొట్టి దగ్గరికి నడిచి, ఆవులు రోజంతా నిలబడి పేడ వేసే చోట నల్లటి మట్టిని సంచి నిండా ఎత్తాడు.

కాగితం వచ్చింది. భూమిలో సారం పుష్కలం, ఈ ఏడు యూరియా అక్కర్లేదు. అక్క దాన్ని వంటింటి గోడకి అంటించుకుని, బస్తా కొనడం మానేసింది. అతను మాత్రం, ఆమె పాలకేంద్రానికి వెళ్లిన వేళ చూసుకుని, తన సగంలో నాలుగు బస్తాలు చల్లాడు. ఎవరో దొంగ తన చొక్కా తొడుక్కుని తిరుగుతున్నట్టు అనిపించింది. చెబుదామనుకుంటూనే ఉన్నాడు. మొదట మట్టి సంగతొక్కటే చెబితే సరిపోయేది. తర్వాత బస్తాలు కలిశాయి. ఇప్పుడు ఆవు.

"దాన్ని అమ్మకక్కా."

"ఏం, నువ్వు మేపుతావా?"

"ఆ మట్టి నేను పచ్చికలో తియ్యలేదు. తొట్టి పక్కన తీశాను."

"ఏ తొట్టి?"

"అదే."

ఇద్దరూ తొట్టి వైపు చూశారు. రెండు ఆవులు దాని పక్కన తీరిగ్గా పేడ వేస్తున్నాయి.

"మరి నీ గడ్డి?"

"యూరియా వేశాను. నీకు తెలీకుండా."

ఆమె అరిస్తే బాగుండును. ఆమె కంచె మీంచి మోచేతులు తీసేసింది.

"పాలకేంద్రంలో అందరికీ చెప్పుకున్నాను కదరా, మా తమ్ముడి చెయ్యి మంచిదని."

అతని చెవులు మండాయి. గబగబా మాట్లాడాడు. "కంచె విప్పుతా. నీ ఆవులు నా వైపు మేస్తాయి. నీ నేలకి నెల రోజులు తెరిపి ఇద్దాం. నా కొట్టంలో పేడనీళ్లు రోజూ నేనే మోసి పోస్తా. వానలకి గడ్డిలో అలసందలు చల్లుదాం, అవి నేలకి బలమిస్తాయి, బస్తాల ఖర్చు తగ్గుతుంది."

"నీ దగ్గర పేడకి లోటేముందిలే," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

అయిపోయిందనుకున్నాడు. కాసేపటికి ఆమె పలుగు, ఖాళీ సంచి పట్టుకుని వచ్చింది. గోడ మీంచి పీకేసిన కాగితం కూడా చేతిలో ఉంది.

"బేరగాడికి నువ్వే ఫోన్ చేసి రావద్దని చెప్పు. ఈ కాగితం నీ స్నేహితుడికిచ్చి, ఆ మట్టి ఎక్కడిదో చెప్పు. ముందు తవ్వు. పదిహేను చోట్లా నేను వెనకే ఉంటా."

ఆమె సగంలోనే మొదలుపెట్టాడు. పలుగు దిగగానే బూడిదరంగు మట్టి పొడిపొడిగా రాలింది. అతను తెలియకుండానే దాని మీద అరచెయ్యి కప్పాడు.

"చెయ్యి తియ్యి," అంది అక్క, పక్కన గొంతుక్కూర్చుంటూ. "చూడనీ."